నీళ్ళలోంచి రంగును ఏరడం: పాలిమర్ గుళికలు ఎలా పనిచేస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి

ఒడిశాలోని బరంపురంలో మా పెద్దనాన్న ఇంట్లో అద్దకం ఉన్న రోజు పెరట్లో తెల్లవారుజాము నుంచే నీళ్ళు మరుగుతుంటాయి. పట్టు చిలపలను, అంటే దారపు చుట్టలను, ముందు సబ్బూ సోడా వేసిన నీళ్ళలో ఉడికించి బంక తీస్తారు. తరవాత రంగు నీళ్ళలో ముంచి, కర్రకు తగిలించి తిప్పుతూ కాస్త ఎసిటిక్ యాసిడ్ చేరుస్తారు. దారంలోకి ఎరుపు ఎక్కేకొద్దీ గిన్నెలో నీళ్ళు పలచబడతాయి కానీ పూర్తిగా తేరుకోవు. మిగిలిన ఆ ఎర్రనీళ్ళూ, ఆ తరవాత జాడించిన నీళ్ళూ కలిసి వీధి కాలవలోకి పోతాయి. తరాల కింద ఆంధ్ర వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన దేవాంగుల ఇళ్ళలో ఇది ఎప్పటినుంచో ఉన్న పనే. బరంపురం పట్టుకు ఇవాళ భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది. దాని వెనక ఉన్న కాలవకు మాత్రం ఏ గుర్తింపూ లేదు.

"ఏటిరా, కెమిస్ట్రీ చదివావు కదా. దారం లాక్కున్నట్టు ఈ మిగిలిన రంగుని కూడా లాక్కునేది ఏదైనా ఉందా?" అని ఒకరోజు ఆయన అడిగారు.

ఉంది. సన్నటి ప్లాస్టిక్ గుళికల రూపంలో దశాబ్దాలుగా ఉంది. పుస్తకాల్లో దాన్ని ప్రమేయ సమూహాలు తగిలించిన కృత్రిమ పాలిమర్ అధిశోషకం అంటారు. పేరు వింటే భయం వేస్తుంది కానీ, పట్టుదారం రంగును ఎందుకు పట్టుకుంటుందో అర్థమైతే ఇది సగం అర్థమైనట్టే. అందుకే పెద్దనాన్నకు చెప్పేటప్పుడు దారంతోనే మొదలుపెట్టాను.

మిగిలిన ఎర్రనీళ్ళను రెండు సీసాల్లో పోసి, రెండింటిలోనూ చుక్క ఎసిటిక్ యాసిడ్ వేశాను. ఒకదాంట్లో పట్టు తుక్కు, రెండోదాంట్లో తెల్లటి నూలుదారం వేసి మర్నాటి దాకా ఉంచాను. పట్టు ముదురు ఎరుపెక్కింది. నూలు కాస్త గులాబీ రంగుకు తిరిగింది కానీ, కుళాయి కింద పెట్టగానే తెల్లబడిపోయింది. అందులో ఆయనకు వింతేమీ లేదు, ఆ రంగు నూలుకు పట్టదని నేతపని చేసే ఎవరికైనా తెలుసు. ఎందుకు పట్టదన్నదే అసలు సంగతి.

పట్టు ఒక ప్రోటీన్. దాని పొడవాటి గొలుసుల మీద అక్కడక్కడా అమైన్ సమూహాలు ఉంటాయి. నత్రజని, హైడ్రోజన్ కలిసిన చిన్న కొమ్మలన్నమాట. పుస్తకాలు ప్రమేయ సమూహాలు అనేది ఇలాంటి కొమ్మలనే. నీళ్ళలో ఆమ్లం ఉంటే ఈ కొమ్మ ఒక హైడ్రోజన్ అయాన్‌ను తెచ్చుకుని ధనావేశంతో నిలబడుతుంది. పట్టుకు వాడే ఆమ్ల రంగుల అణువుకు సల్ఫోనేట్ అనే తోక ఉంటుంది, దానిది రుణావేశం. ఈ రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. అద్దకంలో ఎసిటిక్ యాసిడ్ పని ఇదే, పట్టు మీది కొమ్మలను రంగు కోసం సిద్ధం చేయడం. నూలు అంటే సెల్యులోజ్. దాని మీద అలాంటి అమైన్ కొమ్మలు లేవు కాబట్టి ఆ రంగుకు అక్కడ చోటు లేదు.

ఇంక పట్టుపురుగుతో పని లేకుండా, ఏదో ఒక పాలిమర్ తీసుకుని దాని మీద మనమే అమైన్ కొమ్మలను దట్టంగా నాటితే ఏమవుతుంది? అది రంగును పట్టుకుంటుంది. వేరే కొమ్మ నాటితే వేరే కాలుష్యాన్ని పట్టుకుంటుంది. ఈ శాస్త్రమంతా అక్కడినుంచి పుట్టుకొచ్చిందే.

ఆ గుళికలు ఎలా తయారవుతాయో చెబుతాను, ఎందుకంటే పని ఎలా జరుగుతుందన్నది అందులోనే ఉంది. థర్మోకోల్ ఏ పదార్థంతో చేస్తారో ఆ పాలీస్టైరీనే ఎక్కువ గుళికలకు మూలం. స్టైరీన్ అనే ద్రవాన్ని నీళ్ళలో వేసి బాగా తిప్పుతారు. అది నీళ్ళలో కలవదు, చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది. బూందీ పిండి చుక్కలు నూనెలో పడి గుండ్రంగా గట్టిపడినట్టు, ఈ చుక్కలు వేడి నీళ్ళలో గట్టిపడి గుళికలవుతాయి. గసగసాలంత, అంతకన్నా చిన్నవి కూడా, సుమారు 0.3 నుంచి 1.2 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. స్టైరీన్ ఒక్కటే అయితే అవి కొన్ని ద్రావణుల్లో కరిగిపోతాయి. అందుకని డైవినైల్‌బెంజీన్ అనే రెండోదాన్ని కలుపుతారు. అది ఒక గొలుసును ఇంకో గొలుసుతో ముడివేసి వలలా చేస్తుంది. ముడులు తక్కువుంటే గుళిక మెత్తగా, నీళ్ళు తాగి ఉబ్బేలా ఉంటుంది. ఎక్కువుంటే బిగువుగా ఉంటుంది.

ఇంకో ఉపాయం కూడా ఉంది. చుక్క గట్టిపడే ముందే దానిలో టోలీన్ లాంటి ద్రావణిని కలిపి ఉంచుతారు. గుళిక గట్టిపడ్డాక దాన్ని కడిగేస్తే, అది ఉన్నచోటల్లా బొరియలు మిగులుతాయి. ఇలా చేసిన కొన్ని రకాల గుళికల్లో ఒక్క గ్రాములో దాగిన లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే 700 చదరపు మీటర్లు దాటుతుంది. మన లెక్కలో 17 సెంట్ల జాగా. చిటికెడు గింజల్లో ఒక పెద్ద ఇంటి స్థలం. కొమ్మలు నాటాక ఈ వైశాల్యం కొంత తగ్గుతుంది, అయినా చాలా మిగులుతుంది.

జాగా ఎందుకంటే, ఇక్కడ జరిగేది పీల్చుకోవడం కాదు, అంటించుకోవడం. స్పాంజి నీళ్ళను ఒళ్ళంతా నింపుకుంటుంది, అది శోషణ. అణువులు గోడకు అంటి నిలవడం అధిశోషణ. గోడ ఎంత ఉంటే అంత పని.

ఆ తరవాత కొమ్మలు నాటడం. పాలీస్టైరీన్ ఊరికే వదిలేస్తే మందకొడి మనిషి లాంటిది, ఆవేశమున్న దేన్నీ పట్టించుకోదు. దాన్ని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలిపి వేడిచేస్తే సల్ఫోనిక్ కొమ్మలు మొలుస్తాయి. వీటిది రుణావేశం కాబట్టి ధనావేశమున్న అయాన్లను పట్టుకుంటాయి. అమైన్ కావాలంటే ముందు గుళిక మీద క్లోరోమిథైల్ అనే కొక్కెం బిగిస్తారు, తరవాత దానికి కావలసిన అమైన్ తగిలిస్తారు. ఒకసారి కొక్కెం ఉంటే దానికి రకరకాల చేతులు తగిలించవచ్చు. ఈ కొక్కెం బిగించే పనికి పాత పద్ధతిలో వాడిన ఈథర్‌లో క్యాన్సర్ కారకం ఉండేది. ఆ పని చేసిన కార్మికుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్లు వచ్చాయని 1970ల నాటికి తేలింది. నీళ్ళను శుభ్రం చేసే వస్తువును తయారుచేసినవాళ్ళు ఆ మూల్యం చెల్లించారు. ఈ గుళికల గురించి ఎప్పుడు మాట్లాడినా నాకు ఆ కార్మికులు గుర్తుకొస్తారు.

చరిత్ర కొద్దిగా చెప్పుకోవాలి. 1850 ప్రాంతంలో ఇంగ్లండులో థాంప్సన్, వే అనే ఇద్దరు నేల మీద అమ్మోనియం లవణం పోస్తే కిందినుంచి కాల్షియం లవణం రావడం గమనించారు. అంటే మట్టి ఒకదాన్ని పట్టుకుని ఇంకోదాన్ని వదులుతోంది. 1935లో ఆడమ్స్, హోమ్స్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్తలు ఆ పనిని ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌తో చేసిన కృత్రిమ రెసిన్ చేత చేయించారు (ఈ గుళికలను రెసిన్ అని కూడా అంటారు). పగిలిన గ్రామఫోన్ రికార్డుల పొడిలో ఆ గుణం చూశాకే వాళ్ళకు ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. 1944లో అమెరికాలో డి'అలీలియో పాలీస్టైరీన్‌తో చేశారు. ఇవాళ్టికీ అదే వంశం నడుస్తోంది.

ఈ వంశంలో ఒకటి మీ అపార్ట్‌మెంటులోనే ఉండవచ్చు. బోరు నీళ్ళ కఠినత్వం తగ్గించే సాఫ్ట్‌నర్ ట్యాంకులో ఉండే పసుపు గోధుమ రంగు గింజలు సల్ఫోనిక్ గుళికలే. అవి కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని సోడియంను వదులుతాయి. గింజలు నిండిపోయాక వాచ్‌మన్ దాంట్లో ఉప్పు బస్తా పోస్తాడు. అంత ఉప్పు మీద పడితే సోడియం మందబలంతో కాల్షియంను తోసేసి మళ్ళీ తన చోటు తీసుకుంటుంది. గుళిక మళ్ళీ పనికొస్తుంది.

నేను పెద్దనాన్న ముందు ఇంకో రెండు సీసాలు పెట్టాను. ఒకదాంట్లో సాఫ్ట్‌నర్ గింజలు. రెండోదాంట్లో ల్యాబుల్లో డీమినరలైజ్డ్ నీళ్ళు తీసే పరికరంలోంచి తెచ్చిన అమైన్ గింజలు. రెండింటిలోనూ అదే ఎర్రనీళ్ళు పోశాను. సాఫ్ట్‌నర్ గింజలు ఎర్రరంగును తాకలేదు, నీళ్ళు పోసినంత ఎర్రగానే ఉన్నాయి. అమైన్ గింజల సీసాలో సాయంత్రానికి నీళ్ళు పలచబడ్డాయి, మర్నాటికి దాదాపు తేటగా ఉన్నాయి, గింజలు మాత్రం దానిమ్మ గింజల్లా అయ్యాయి. తరవాత దెబ్బలకు రాసే ఊదారంగు మందును, అదే జెన్షియన్ వయొలెట్‌ను, రెండు కొత్త సీసాల్లో చుక్క చుక్క వేశాను. ఈసారి తిరగబడింది. ఊదారంగును సాఫ్ట్‌నర్ గింజలు పట్టుకున్నాయి, అమైన్ గింజలు వదిలేశాయి. ఎందుకంటే ఆ ఊదా అణువుది ధనావేశం.

ఇది చూశాక ఆయన ఒక మాటన్నారు: "అయితే ఏ నీళ్ళలో ఏముందో తెలియకుండా గింజలు కొనకూడదు." నాలుగేళ్ళు చదివి నేను చెప్పాలనుకున్నది ఆయన నాలుగు సీసాలు చూసి చెప్పేశారు.

ఇంతవరకూ ఆవేశం లెక్కే. కానీ ఆవేశం ఒక్కటే అయితే ఈ గుళికలు పెద్దగా పనికొచ్చేవి కావు. లోహపు పూత వేసే షాపు నుంచి వచ్చే నీళ్ళలో రాగి కొద్దిగా, కాల్షియం బోలెడంత ఉంటుంది. రెండూ ధనావేశమే. సల్ఫోనిక్ గుళిక వాటి మధ్య పెద్దగా తేడా చూడదు, ముందు కాల్షియంతోనే నిండిపోతుంది. రాగిని ఏరాలంటే కొమ్మకు పట్టకారులాంటి నిర్మాణం ఉండాలి. ఇమినోడైఎసిటిక్ సమూహం అలాంటిది. ఒక నత్రజని, రెండు కార్బాక్సిల్ చేతులు కలిసి రాగి చుట్టూ బిగుసుకుంటాయి. కాల్షియం మీద ఆ పట్టు అంత బిగియదు. పూత పనుల నీళ్ళలోంచి రాగి, నికెల్ తీయడానికి ఈ రకాన్నే ఎక్కువగా వాడతారు.

ఇక పాదరసం గురించి ఎక్కువసేపు మాట్లాడాలి. ఎందుకంటే అది మా గంజాం జిల్లా గాయం.

కంధమాల్ కొండల్లో పుట్టిన రుషికుల్యా నది గంజాం పట్టణం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు లక్షల్లో వచ్చి గుడ్లు పెట్టే తీరం అది. ఆ ముఖద్వారానికి దగ్గర్లోనే 1960ల చివర్లో ఒక క్లోర్-ఆల్కలీ కర్మాగారం మొదలైంది. ఉప్పునీళ్ళలోంచి కాస్టిక్ సోడా, క్లోరిన్ తీసే ఆ పనికి ఆ రోజుల్లో పాదరసం సెల్ పద్ధతి వాడేవారు. బరంపురం విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏళ్ళ తరబడి అక్కడి మట్టిలో, మొక్కల్లో, నీటి జీవాల్లో పాదరసాన్ని కొలిచి రాశారు. జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన విషాదం తరవాత కూడా ప్రపంచమంతటా ఇలాంటి కర్మాగారాలు చాలాకాలం నడిచాయి.

పాదరసానికి సల్ఫర్ అంటే ఎక్కడలేని మోజు. సల్ఫర్, హైడ్రోజన్ కలిసిన థయాల్ సమూహానికి 1830లలో డెన్మార్క్ రసాయనవేత్త జైసే పెట్టిన పేరు మెర్కాప్టాన్. లాటిన్‌లో దాని అర్థం పాదరసాన్ని పట్టుకునేది. 1963లో పియర్సన్ అనే శాస్త్రవేత్త దీనికి ఒక సూత్రం చెప్పారు. పెద్దగా, సులువుగా వంగే ఎలక్ట్రాన్ మబ్బు ఉన్న అణువులు అలాంటివాటితోనే గట్టిగా ముడిపడతాయి, చిన్నగా బిగువుగా ఉన్నవి తమలాంటివాటితో. పాదరసం, సల్ఫర్ మొదటి జట్టు. కాల్షియం, ఆక్సిజన్ రెండో జట్టు. అందుకే థయాల్ కొమ్మలున్న గుళిక, కాల్షియం సోడియంలతో నిండిన నీళ్ళలో ఉన్న పిసరంత పాదరసాన్ని కూడా ఏరగలదు.

నన్ను బాగా కదిలించే విషయం ఒకటుంది. పాదరసం మనిషిని ఎలా చంపుతుందంటే, మన శరీరంలోని ప్రోటీన్లలో సిస్టీన్ అనే భాగానికి ఉన్న థయాల్‌ను పట్టుకుని వాటిని పని చేయనివ్వదు. పాదరసం విషానికి ఆస్పత్రిలో ఇచ్చే విరుగుళ్ళలో కొన్ని థయాల్ సమూహాలున్న మందులే. నదిలోకి పోకుండా ఆపే గుళిక మీద ఉన్నదీ అదే థయాల్. విషం ఎక్కే దారీ, విషాన్ని ఆపే దారీ ఒకే బంధం. నరాల్లోకి వెళ్ళాక పట్టుకోవడం కన్నా గొట్టం చివరే పట్టుకోవడం ఎంత మేలో వేరే చెప్పాలా?

మన దేశపు సాధారణ నియమాల ప్రకారం నదిలోకి వదిలే వ్యర్థజలంలో పాదరసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. తాగునీటికి అయితే 0.001. అంటే ఒక్క గ్రాము పాదరసం లక్ష లీటర్ల వ్యర్థజలాన్ని ఆ మొదటి హద్దు దాకా తీసుకుపోగలదు. ఇంత పలుచని స్థాయిలో సున్నం వేసి అడుగుకు దింపే పాత పద్ధతులు చేతులెత్తేస్తాయి. పెద్ద మోతాదును ముందు వేరే పద్ధతిలో తీసి, చివరి చిటికెడు కోసం గుళికలు వాడటం దాని సరైన చోటు.

అయితే ఒక భ్రమ పోవాలి. నది అడుగు బురదలో దశాబ్దాలుగా చేరిన పాదరసాన్ని ఈ గుళికలు తీయలేవు. అవి తమ మధ్యలోంచి పారే నీళ్ళనే కడగగలవు. బురద అక్కడే ఉంటుంది. రుషికుల్యాను రెసిన్‌తో బాగుచేయవచ్చు అని ఎవరైనా చెబితే నమ్మకండి.

క్రోమియం ఇంకో రకం చిక్కు. ఒడిశాలోనే జాజ్‌పూర్ జిల్లాలో సుకిందా లోయ ఉంది, క్రోమైట్ గనులకు ప్రసిద్ధి. అక్కడ భయపెట్టేది ఆరు వేలెన్సీ క్రోమియం. లోహం కదా, ధనావేశం ఉంటుందిలే అనుకుని సల్ఫోనిక్ గుళిక పెడితే అది అలాగే దాటిపోతుంది. నీళ్ళలో అది ఆక్సిజన్‌తో కలిసి క్రోమేట్‌గా, రుణావేశంతో తిరుగుతుంది. దానికి అమైన్ కావాలి, అదీ కాస్త ఆమ్లంలో. కానీ ఆమ్లంలో క్రోమేట్ గుళికనే ఆక్సీకరించి, తాను మూడు వేలెన్సీ రూపానికి దిగి, ధనావేశంతో మళ్ళీ నీళ్ళలోకి జారుకోవచ్చు. పరీక్షలో ఆరు వేలెన్సీది ఒక్కటే కొలిస్తే మొత్తం పోయినట్టు కనిపిస్తుంది. మొత్తం క్రోమియం కొలిస్తేనే నిజం తెలుస్తుంది. ఫలితాల కాగితం ఎవరు చూపించినా నేను మొదట అడిగేది ఇదే.

ఇక రాయగడ వైపు వెళ్తే సమస్య మారుతుంది. కాగితపు గుజ్జు తయారీలో చెక్కలోని లిగ్నిన్ కరిగి నీళ్ళకు టీ డికాక్షన్ రంగు ఇస్తుంది. లిగ్నిన్ ముక్కలు పెద్ద అణువులు. సన్నటి బొరియల్లో దూరవు, దూరినవి బయటికి రావు. పాలీస్టైరీన్ గుళికల్లో ఇవి ఇరుక్కుపోయి గుళికను పాడుచేస్తాయి. ఇలాంటి చోట ఎక్రిలిక్ పాలిమర్‌తో, పెద్ద బొరియలతో చేసిన గుళికలు మేలు, అవి పట్టుకున్నదాన్ని తేలిగ్గా వదులుతాయి. రాయగడ మీదుగా వచ్చే నాగావళి పార్వతీపురం మన్యం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోకి దిగుతుంది. పైన ఒడిశాలో ఉన్న తెలుగువాళ్ళం వదిలే నీళ్ళు కింద మా చుట్టాల ఊళ్ళకే పోతాయి. నదికి రాష్ట్రాల సరిహద్దు తెలియదు.

ఇన్ని సుగుణాలుంటే మరి అందరూ ఎందుకు వాడటం లేదు? మొదటి కారణం ధర. కొబ్బరి చిప్పల నుంచి చేసే యాక్టివేటెడ్ కార్బన్ వీటికన్నా బాగా చవక. చాలా రకాల సేంద్రియ పదార్థాలను అది బాగానే పట్టుకుంటుంది కూడా. మళ్ళీ వాడాలంటే దాన్ని సుమారు 800 డిగ్రీల కొలిమిలో పెట్టాలి, ప్రతిసారీ కొంత కాలి పోతుంది. గుళికలను ఉన్నచోటే ఉప్పునీళ్ళతోనో, ఆమ్లంతోనో, క్షారంతోనో కడిగి మళ్ళీ వాడవచ్చు. అయినా నా అభిప్రాయం స్పష్టం: కార్బన్‌తో పని జరిగేచోట రెసిన్ కొనడం దండగ. ఫలానా ఒక్కదాన్నే, అదీ అతి తక్కువ మోతాదులో, మిగతావాటి గుంపులోంచి ఏరాలి అన్నప్పుడే దానికి డబ్బు పెట్టాలి.

రెండో కారణం, పరిశోధన పత్రాల్లో కనిపించే అంకెలకూ కాలవ దగ్గర జరిగేదానికీ మధ్య దూరం. "మా పాలిమర్ గ్రాముకు ఇన్ని వందల మిల్లీగ్రాముల రంగు పట్టుకుంది" అని రాస్తారు. అబద్ధం కాదు. కానీ ఆ ప్రయోగంలో పాలిమర్‌ను మెత్తగా పొడి చేసి, డిస్టిల్డ్ వాటర్‌లో ఒకే ఒక్క రంగును చిక్కగా కలిపి, గంటల తరబడి గిలకరించి ఉంటారు. చిక్కటి ద్రావణంలో గోడలన్నీ తొందరగా నిండుతాయి. మన పెరటి నీళ్ళలో రంగు పలుచన. పైగా సబ్బు ఉంది, పట్టు బంక ఉంది, రంగు సమంగా ఎక్కడానికి వేసిన గ్లాబర్ ఉప్పు ఉంది. ఆ ఉప్పులోని సల్ఫేట్‌ది కూడా రుణావేశమే. రంగుతో పాటు అదీ సీటు కోసం పోటీపడుతుంది. పండగ పూట విశాఖ రైలు ఎక్కినట్టు ఉంటుంది అక్కడ. టికెట్ ఉన్నవాడూ లేనివాడూ అందరూ లోపలే. గ్రాముకు వందల్లో ఉన్న సంఖ్య అక్కడ బాగా పడిపోతుంది.

నిజం వాడకంలో గుళికలను పొడవాటి గొట్టంలో నింపి పైనుంచి నీళ్ళు వదులుతారు. పై పొర ముందు నిండుతుంది, తరవాత కింది పొర, అలా నిండిన హద్దు మెల్లగా కిందికి దిగుతుంది. అంతసేపూ బయటికి వచ్చే నీళ్ళు తేటగానే ఉంటాయి. హద్దు అడుగుకు చేరిన తరవాత కొద్దిసేపట్లోనే మురికి దాటిపోతుంది. రంగు అయితే కంటికి కనిపిస్తుంది. పాదరసమో, క్రోమియమో అంత తక్కువలో ఉంటే కనపడదు. అందుకని రెండు గొట్టాలు వరసగా పెడతారు, మొదటిది నిండాక రెండోది కాపలా కాస్తుంది. క్రమం తప్పకుండా పరీక్ష చేయించని యూనిట్ ఉన్నా లేనట్టే.

ఇంకో ప్రమాదం దాగి ఉంది. గట్టిగా అంటుకునే పదార్థం ఆలస్యంగా వచ్చి, ముందే కూర్చున్న తేలిక పదార్థాన్ని లేపేస్తుంది. లేచినవన్నీ ఒక్కసారిగా బయటికి వస్తే, లోపలికి పోసిన నీళ్ళకన్నా బయటికి వచ్చే నీళ్ళలోనే అది ఎక్కువ ఉంటుంది. శుద్ధి చేసే గొట్టమే ఆ కాసేపు కాలుష్యం పోసే గొట్టం అవుతుంది.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వచ్చాం. పట్టుకున్నదాన్ని ఏం చేయాలి?

పట్టుచీరను సోడా సబ్బుతో ఉతకకూడదని మా అమ్మ ఎప్పుడూ చెబుతుంది. ఉతికితే రంగు వదులుతుంది. దానికి కారణం గుళికలను మళ్ళీ శుభ్రం చేసే పద్ధతికీ కారణమే. క్షారం తగలగానే అమైన్ కొమ్మ తను తెచ్చుకున్న హైడ్రోజన్ అయాన్‌ను పోగొట్టుకుంటుంది, ఆవేశం పోతుంది, రంగు జారిపోతుంది. బలహీన అమైన్ కొమ్మలున్న గుళికలను ఇలా పలుచని కాస్టిక్ సోడాతో కడగవచ్చు. బలమైన అమైన్, అంటే ఎప్పుడూ ఆవేశంతోనే ఉండే రకం, క్షారానికి లొంగదు. దానికి చిక్కటి ఉప్పునీళ్ళు కావాలి, కొన్ని రంగులకైతే ఆల్కహాల్ కూడా కలపాలి. ఎందుకంటే రంగు అణువులోని కార్బన్ వలయాలు పాలీస్టైరీన్ వలయాలకు కూడా అతుక్కుని ఉంటాయి, ఆవేశం విడిపోయినా ఆ పట్టు విడవదు. థయాల్ గుళిక పాదరసాన్ని వదలాలంటే గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం లాంటివి కావాలి. అందుకే చాలాచోట్ల వాటిని తిరిగి వాడకుండా గుళికలతో సహా ప్రమాదకర వ్యర్థంగా పంపేస్తారు. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత కష్టంగా వదులుతుంది.

పెద్దనాన్నకు ఒక లెక్క వేసి చూపించాను. ఇవి కొలిచిన అంకెలు కావు, లెక్క కోసం అనుకున్నవి. వెయ్యి లీటర్ల నీళ్ళలో లీటరుకు 50 మిల్లీగ్రాముల రంగు ఉందనుకుందాం. మొత్తం 50 గ్రాములు. గుళికలు నిజం నీళ్ళలో గ్రాముకు 100 మిల్లీగ్రాములు పట్టాయనుకుంటే అరకిలో ఎండు గుళికలు కావాలి, తడిగా లీటరున్నర అవుతాయి. వాటిని కడగడానికి గుళికల కొలతకు పదింతలు, అంటే 15 లీటర్ల ఉప్పునీళ్ళు. పదో వంతు ఉప్పు అనుకుంటే కిలోన్నర ఉప్పు. వెయ్యి లీటర్ల మురికి 15 లీటర్లకు తగ్గింది, అది నిజంగా పెద్ద విషయమే. కానీ రంగు ఎక్కడికీ పోలేదు. 50 గ్రాములూ అక్కడే ఉంది, కిలోన్నర ఉప్పును వెంటేసుకుని.

ఆ 15 లీటర్లు తీసుకెళ్ళి అదే కాలవలో పోస్తే, చేసినదంతా రంగును ఒకచోట పోగేసి ఉప్పు కలిపి పోయడమే. అంతకుముందు కన్నా నేలకు ఎక్కువ చేటు. ఎండలో పళ్ళెంలా పరిచి ఆవిరి చేసి, మిగిలిన పెళ్ళను 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం అనుమతి ఉన్న కేంద్రానికి పంపాలి. ఒక్కొక్క ఇంటివాళ్ళు చేయగలిగిన పని కాదిది. వీధికో ఉమ్మడి తొట్టి, దానికో బాధ్యత తీసుకునే సంఘం, లెక్క రాసే ఒక మనిషి ఉండాలి. అమ్మేవాళ్ళు గొట్టం గురించి గంటసేపు చెబుతారు, ఈ 15 లీటర్ల గురించి మాత్రం నోరెత్తరు. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

ఇంకో చిన్న సంగతి. గుళికలు కూడా ప్లాస్టిక్కే. ఏళ్ళు గడిచేకొద్దీ ఉబ్బి, కుంచించి, పగిలి పొడి అవుతాయి. గొట్టం అడుగున సన్నటి జల్లెడ లేకపోతే ఆ పొడి నీళ్ళతో పాటే వెళ్ళిపోతుంది.

ఇవన్నీ విన్నాక పెద్దనాన్న కాసేపు మాట్లాడలేదు. "అయితే ముందు కాలవలోకి వదిలేది తగ్గించుకోవాలి, ఆ తరవాతే గింజలు" అన్నారు. అది సరైన వరస. రంగు గిన్నెలో ఆమ్లం, వేడి సరిగా ఉంటే రంగు ఎక్కువ భాగం దారంలోకే ఎక్కుతుంది. మిగిలిన గిన్నెను పారబోయకుండా అదే రంగు తరవాతి చిలపలకు మొదటి నీళ్ళుగా వాడవచ్చు, తగ్గిన రంగు మాత్రం కలుపుకుంటూ. మొదటి జాడింపు నీళ్ళే బాగా చిక్కన, అవి విడిగా తీస్తే శుద్ధి చేయాల్సిన మొత్తం బాగా తగ్గుతుంది. మూడో జాడింపు నీళ్ళు మళ్ళీ మొదటి జాడింపుకి పనికొస్తాయి.

సీసాలు ఇంకా వాళ్ళ వంటింటి కిటికీలో ఉన్నాయి, దానిమ్మ గింజల సీసాను పిల్లలు తిప్పి తిప్పి చూస్తుంటారు. పెరట్లో ఆయన ఎర్రరంగుకు ఒక మూత ఉన్న డ్రమ్ము విడిగా పెట్టారు, ఆకుపచ్చకు ఇంకోటి. తొలి జాడింపు నీళ్ళకు సిమెంటు తొట్టి కట్టించారు. అది నిండాక ఏం చేయాలన్నదాని గురించి వీధిలో ఇంకో ఐదారు ఇళ్ళవాళ్ళతో మాట్లాడుతున్నారు.